ఫోన్‌లో కాగజ్, ఫైల్లో కాగజ్

జుమా నమాజ్ అయ్యాక మసీదు బయట చెప్పులు వెతుక్కునే వేళ నన్ను ఎక్కువమంది అడిగే సవాల్ సియాసత్ గురించి కాదు. "భాయ్, మీరు అఖ్బార్ వాళ్లు కదా. కారు ఇన్సూరెన్స్ ఫోన్‌లో ఉంటే చాలా? కాగజ్ కూడా పెట్టుకోవాలా?"

ఖానూన్ వరకైతే జవాబ్ సాఫ్‌గా ఉంది. ఫోన్ చాలు. డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్న పత్రం అసలుతో బరాబర్ అని 2018 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. అదే ఏడాది నవంబర్‌లో మోటారు వాహనాల నిబంధనల్లో 139వ రూల్ మార్చి, లైసెన్స్, ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితం మీదైనా ఎలక్ట్రానిక్ రూపంలోనైనా చూపొచ్చని చెప్పింది. 2020 అక్టోబర్ నుంచి ఇంకో మాట చేరింది: ఆన్‌లైన్‌లో సరిచూసి ఖరారైన పత్రాన్ని మళ్లీ కాగితంగా అడగకూడదు. అయితే బావమరిది వాట్సాప్‌లో పంపిన ఫొటోకి ఆ దర్జా లేదు. అది తస్వీర్, దస్తావేజ్ కాదు.

మద్దిలపాలెంలోనో ఎన్‌ఏడీ దగ్గరో ఆపితే ఫోన్ తీసి చూపిస్తే పనైపోతుంది. పిల్లల్ని తీసుకుని అరకు బయల్దేరితే సంగతి వేరు. అనంతగిరి ఘాట్ ఎక్కాక సిగ్నల్ వస్తుంది, పోతుంది. అక్కడ యాప్ తెరిస్తే గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. కంపెనీ మెయిల్‌లో పంపిన పాలసీని ముందే ఫోన్‌లో దింపుకుని, ఒక ప్రింట్ డాష్‌బోర్డులో పడేస్తే రెండు రూపాయల ఖర్చు.

ఇంతవరకూ అందరికీ ఒకటే. మన ఇళ్లల్లో ఇంకో ముసీబత్ ఉంది. పేరు.

మా మామూ స్టీల్‌ప్లాంట్‌లో నౌకరీ చేసి రిటైరయ్యారు, గాజువాకలో ఉంటారు. ఈమధ్య సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. ఆధార్‌లో ఆయన పేరుకు ముందు 'షేక్' అని పూర్తిగా ఉంది. లైసెన్స్‌లో 'ఎస్‌కే' అని రెండక్షరాలే. ఏజెంట్ ఆ లైసెన్స్ చూసే రాశాడేమో, ఆర్సీలోనూ అదే ఎక్కింది. కొడుకు ఎన్నిసార్లు నొక్కినా యాప్‌లో ఆర్సీ రాదు, పేరు కలవలేదని వస్తుంది. మామూ కళ్లజోడు సర్దుకుని చూసి, "నా పేరు నాది కాదంటుందేంట్రా నీ ఫోన్?" అన్నారు.

మనలో ఎంతమందికి ఈ బాధ లేదు! మహమ్మద్ ఒకచోట 'ఎండీ' అవుతాడు, ఇంకోచోట పూర్తిగా ఉంటాడు. అమ్మీ పేరు చివర ఒక దాంట్లో బేగం, ఇంకోదాంట్లో బీ. స్కూల్లో ఉర్దూలో రాసిన పేరుని ఆఫీసులో ఒకరు ఇంగ్లిష్‌లో ఒకలా, ఇంకొకరు మరోలా దింపారు. కాగజ్ చూసే మనిషి రెండూ ఒకటేనని సమజ్ అవుతాడు. మెషీన్‌కి ఆ తమీజ్ లేదు, అక్షరం తేడా వస్తే అజ్నబీయే.

అందుకే పెద్దవాళ్లు ఫైలు వదలకపోతే నేను నవ్వను. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ చట్టం సవరించాక ఇళ్లల్లో ట్రంకు పెట్టెలు తెరిచి, తాతగారి రేషన్ కార్డు నుంచి ఇంటి పన్ను రసీదు దాకా తీసి, పేర్లు పక్కపక్కన పెట్టి చూసుకున్న రాత్రులు ఎవరు మరిచారు? ఆ ఖౌఫ్ కారు డాష్‌బోర్డు దాకా వచ్చింది, అంతే.

ఇన్సూరెన్స్ అసలు జాయిజేనా అని అడిగేవాళ్లూ ఉన్నారు. థర్డ్ పార్టీ పాలసీ లేకుండా బండి రోడ్డెక్కకూడదని 1988 చట్టం 146వ సెక్షన్ అంటుంది. లేకపోతే మొదటిసారి 2000 రూపాయల జుర్మానా, మూడు నెలల దాకా జైలుకీ వీలుంది. ఖానూన్ తప్పనిసరి చేసింది కాబట్టి మజ్బూరీ కింద గుంజాయిష్ ఉందని చాలామంది ఉలమా చెబుతారు. నాకు మాత్రం మజ్బూరీ కన్నా హఖ్ అన్న లఫ్జే ముందు తోస్తుంది. ఖుదా న ఖాస్తా మన బండి తగిలి ఎవరైనా పోతే, వాళ్ల బేవా, యతీములు ట్రిబ్యునల్‌కి వెళ్లేది ఆ పాలసీ నంబర్ పట్టుకునే. చలానా తప్పించే తావీజ్‌లా దాన్ని చూడటం నాకు నచ్చదు.

మామూ ఫైల్లో ఉన్న పాలసీ తీసి చదివాను. ఇంకా ఏడు నెలల గడువుంది. ఫోన్‌లో నంబర్ కొట్టినా ఇన్సూరెన్స్ ఉందనే చూపిస్తుంది. పేరు మాత్రం పాత ఓనర్‌ది. బండి చేతులు మారితే థర్డ్ పార్టీ రక్షణ బండితోపాటే వస్తుంది. మన కారుకే దెబ్బ తగిలితే మాత్రం, పేరు మారని పాలసీ మీద కంపెనీ పైసా ఇవ్వనని అనగలదు. మార్పు కోసం 14 రోజుల్లోగా అర్జీ పెట్టాలని 157వ సెక్షన్.

ఆర్సీ మారి ఆ రోజుకి తొమ్మిది రోజులు. అర్జీలో 'షేక్' అని పూర్తిగా రాయించాలా, ఆర్సీలో ఉన్నట్టు 'ఎస్‌కే' అని రాయించాలా అని మామూ, కొడుకు అస్ర్ దాకా వాదించుకున్నారు. ముందు ఆర్సీలో ఉన్నట్టే పెట్టించండి, తర్వాత ఆధార్‌కి తగ్గట్టు ఆర్సీ, పాలసీ రెండూ కలిపి దిద్దించుకుందాం అన్నాను.