ఫైలుకు అవతలివాడు

2025 డిసెంబరు 30న రక్షణ శాఖ ఇటలీకి చెందిన వాస్ అనే సంస్థతో ఒక ఒప్పందం చేసుకుంది. కల్వరి తరగతి జలాంతర్గాములకు 48 భారీ టార్పెడోలు, ఖరీదు సుమారు 1,896 కోట్ల రూపాయలు. సరుకు రావడం 2028 ఏప్రిల్‌లో మొదలవుతుందని చెప్పారు. చాలామందికి అది పేజీ తిప్పేసే వార్త. విశాఖలోని మల్కాపురంలో మాత్రం ఆగి చదివినవాళ్లున్నారు. ఒకపక్క షిప్‌యార్డు, ఇంకోపక్క నేవీ, ఆ దగ్గర్లోనే రిఫైనరీ ఉన్న ఊరు మాది. ఇక్కడ చాలా ఇళ్లు ఏదో ఒక గేటు పాసు మీద నడిచినవే. నేను ఒక ప్రభుత్వ రంగ సంస్థలో, కొనుగోళ్ల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎన్ని సర్క్యులర్లు చదివినా బోధపడని సంగతి ఒకటి ఈ టార్పెడోల కథ వల్లే బోధపడింది.

ఈ ఒప్పందం వెనక పదిహేనేళ్ల చరిత్ర ఉంది. 2010 ఫిబ్రవరిలో రాష్ట్రపతి, ప్రధాని వంటి ప్రముఖుల ప్రయాణాలకని 12 అగస్టా వెస్ట్‌ల్యాండ్ హెలికాప్టర్లు కొనడానికి సుమారు 3,600 కోట్ల ఒప్పందం కుదిరింది. ముడుపులు ఇవ్వం, మధ్యవర్తులను పెట్టుకోం అని రాసిచ్చే ఇంటెగ్రిటీ ప్యాక్ట్ కూడా అందులో ఉంది. మూడు హెలికాప్టర్లు వచ్చాయి. 2013 ఫిబ్రవరిలో ఆ కంపెనీ మాతృసంస్థ ఫిన్‌మెకానికా అధిపతిని ఇటలీలో అరెస్టు చేశారు. 2014 జనవరి 1న, ప్యాక్ట్‌ను ఉల్లంఘించారంటూ మన ప్రభుత్వం ఒప్పందం రద్దు చేసింది. ఆ తర్వాత ఫిన్‌మెకానికా గ్రూపుతో కొత్త లావాదేవీలన్నీ ఆపేశారు.

ఆ గ్రూపులోదే వాస్. మన కొత్త జలాంతర్గాముల కోసం 98 బ్లాక్ షార్క్ టార్పెడోలు ఇవ్వడానికి అప్పటికే ఎంపికైన సంస్థ. హెలికాప్టర్లతో టార్పెడోలకు ఏ సంబంధమూ లేదు. అయినా 2016లో ఆ టెండరూ రద్దయింది. 2017 డిసెంబరు 14న కల్వరి నౌకాదళంలో చేరేనాటికి దానికోసం ఎంచిన ఆయుధం రాలేదు. ఎనభైల నాటి జర్మన్ టార్పెడోలతోనే నెట్టుకొస్తున్నారని పత్రికలు రాశాయి. ఆ తరగతిలో ఆరోదైన వాగ్‌షీర్ 2025 జనవరిలో చేరింది. అప్పటికీ కొత్తవి లేవు.

ఈలోగా 2018 జనవరిలో మిలాన్ అప్పీలు కోర్టు హెలికాప్టర్ల కేసులో ఇటలీ నిందితులిద్దరినీ నిర్దోషులంది. మన దగ్గర కేసు వేరుగా నడుస్తూనే ఉంది. 2021లో నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు వాస్ యాజమాన్యం మారింది గానీ, తిరిగి తిరిగి మనం చేరింది ఆ సంస్థ గుమ్మానికే.

మా వీధిలో సబ్‌మెరైన్లలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. నిషేధం పెట్టిన రోజుల్లో నేను గట్టిగా సమర్థించాను. ముడుపుల మాట వినపడ్డ కంపెనీని బయటికి గెంటాల్సిందే అన్నాను. ఆయన కాదనలేదు. "గెంటండి బాబూ, నేను వద్దన్నానా? నీటి కిందున్నోడికి మీ ఫైళ్లు కనపడవు. గొట్టంలో సరుకుందా నేదా అన్నదే చూస్తాడు" అన్నారు. అంతే అన్నారు. అవినీతి మీద నాకున్న కోపం అప్పటికీ ఇప్పటికీ తగ్గలేదు. అయితే ముడుపు ఎవరో తింటే శిక్ష ఎవరి మీద పడుతోందో చూడడం ఆ మాటతోనే మొదలుపెట్టాను.

చూడగా చూడగా ఇది మొదటిసారి కాదని తెలిసింది. 1981 డిసెంబరులో జర్మనీకి చెందిన హెచ్‌డీడబ్ల్యూతో నాలుగు జలాంతర్గాములకు ఒప్పందం కుదిరింది. రెండు అక్కడ, రెండు ముంబయి మజగావ్ డాక్‌లో. 1987లో ఏడు శాతం కమీషన్ సంగతి బయటపడి దేశం అట్టుడికింది. మరో రెండు కట్టుకునే ఆలోచన అటకెక్కింది. ఆ నాలుగింటిలో చివరిదైన శంకుల్ 1994లో నౌకాదళంలో చేరాక మజగావ్‌లో జలాంతర్గామి పని ఆగిపోయింది. నీటి ఒత్తిడికి తట్టుకునే హల్‌కు వెల్డింగ్ చేయడం ఏళ్ల తరబడి చేయి తిరిగితే గానీ రాదు. ఒక అతుకులో సన్నని గీత పడినా కోసి మళ్లీ అతకాలి. జర్మనీ వెళ్లి ఆ పని నేర్చుకొచ్చినవాళ్లు చెల్లాచెదురయ్యారు. 2005లో ఫ్రెంచి సంస్థతో కొత్త ఒప్పందం చేసుకున్నాక మళ్లీ ఓనమాల దగ్గర మొదలుపెట్టాల్సి వచ్చింది. వెల్డర్లు, ఫిట్టర్లు నిండిన మా ఊరివాళ్లకు ఆ నష్టం ఎంతటిదో విడమరిచి చెప్పక్కర్లేదు. కమీషన్ ఎవరు తిన్నారో తేలలేదు. పని పోయింది మాత్రం పనివాళ్లకే.

ఒప్పందం అమలు దగ్గర కూడా ప్రజల డబ్బు ఎలా పోతుందో చెప్పే కేసు ఇంకొకటుంది. ప్రభుత్వ రంగ వాణిజ్య సంస్థ ఎంఎంటీసీ 2007లో ఆస్ట్రేలియాలోని ఆంగ్లో అమెరికన్ సంస్థతో కోకింగ్ బొగ్గుకు దీర్ఘకాల ఒప్పందం చేసుకుంది. 2008-09కి 4,66,000 టన్నులు, టన్ను 300 డాలర్లు. ఆ ఏడాదే ప్రపంచ మార్కెట్టు కుప్పకూలింది. ఎంఎంటీసీ తీసుకున్నది పన్నెండు వేల టన్నులకు లోపే. వివాదం ఆర్బిట్రేషన్‌కు వెళ్లి, 2014లో 7.87 కోట్ల డాలర్ల నష్టపరిహారం పడింది. 2020 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. వడ్డీ అదనం.

ఆ కేసులో వాదనంతా అప్పటి ఉత్తరాలు, ఈమెయిళ్ల మీదే నడిచింది. కొనేవాళ్లు సరుకు వద్దన్నారా, అమ్మేవాళ్ల దగ్గర సరుకు ఉందా లేదా అన్నది ఆ వాక్యాల్లో వెతికారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు టెండరు కవర్లు లక్క సీళ్లతో వచ్చేవి. అందరి ముందూ విప్పి, రేటు ఉన్న ప్రతిచోటా సిరాతో చుట్టేవాళ్లం. కొట్టివేతలు ఎన్నున్నాయో పక్కన రాసి, కమిటీ అంతా సంతకాలు చేసేవాళ్లం. ఎల్-వన్‌ను, అంటే అతి తక్కువ ధర చెప్పినవాణ్ని, తేల్చేదాకా ఎంత నిష్ఠో. ఆర్డరు ఇచ్చాక పార్టీకి రాసే ఉత్తరాల మీద ఆ నిష్ఠ ఉండేది కాదు. "చూసి చెబుతాం", "ప్రస్తుతానికి ఆపండి" అని ఎవరో ఒకరు రాసేసేవారు. విజిలెన్సు ఏమంటుందో అన్న భయంతో ఔననీ కాదనీ తేల్చని ఉత్తరాలు మరీ ఎక్కువ. ధర పడినప్పుడు తీసుకుంటే ఎందుకు తీసుకున్నావంటారు, మానేస్తే కోర్టుకు లాగుతారు. అలాంటప్పుడు కూర్చుని మాట్లాడి, కారణాలు నోట్ షీటులో రాసి, పైవాళ్ల ఆమోదంతో కొత్త ధరకు ఒప్పందం సవరించుకునే అధికారికి అండ ఉండాలి. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించి, దురుద్దేశం లేని నిర్ణయాలకు కొంత రక్షణ ఇచ్చారు. ఆ సవరణతోనే, లంచం ఇచ్చిన కంపెనీని కూడా నేరుగా శిక్షించే వీలు వచ్చింది. రెండూ కావలసినవే.

2016 నవంబరులో రక్షణ శాఖ బ్లాక్ లిస్టు నిబంధనలు మార్చడం నాకు నచ్చింది. తప్పు తీవ్రతను బట్టి శిక్ష, వాడుకలో ఉన్న ఆయుధాల విడిభాగాలకు మినహాయింపు వాటిలో ఉన్నాయి. దానికి ఇంకొకటి కలపాలంటాను. ఏ సంస్థను నిషేధించినా, దాని సరుకు మీద ఆధారపడినవాళ్లకు ప్రత్యామ్నాయం ఏమిటో, ఎన్నాళ్లలో వస్తుందో ఆ ఉత్తర్వులోనే రాయాలి. వరుణాస్త్ర టార్పెడోను రూపొందించిన రక్షణ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ మా విశాఖలోనే ఉంది. 2016లో నౌకాదళానికి అందిన ఆ టార్పెడో యుద్ధనౌకల కోసం చేసింది. జలాంతర్గామికి పనికొచ్చే రకం ఎప్పటికి కావాలో నిషేధం పెట్టిన రోజే గడువు పెట్టుకుని ఉంటే, ఇవాళ 2028 కోసం ఎదురుచూసే పని తప్పేదేమో.

మరో వెలితి కూడా ఉంది. మన కంపెనీ విదేశంలో అక్కడి అధికారికి లంచమిస్తే శిక్షించే ప్రత్యేక చట్టం మనకు లేదు. 2011లో లోక్‌సభలో పెట్టిన బిల్లు ఆ సభతోపాటే కాలం తీరిపోయింది. రొయ్యలు, మందులు, ఉక్కు మా రేవుల నుంచి ఏటా ఎన్నో దేశాలకు వెళుతున్నాయి. ఇటలీ పోలీసులు తమ కంపెనీ అధిపతిని అరెస్టు చేశాకే మన హెలికాప్టర్ల ఒప్పందం గుట్టు కదిలింది. రేపు తప్పు చేసింది మన కంపెనీ అయితే, అవతలి దేశంలో ఫైలుకు అవతల ఉన్నవాడి కోసం ఇక్కడ ఎవరు కదులుతారన్నది పార్లమెంటు తేల్చాల్సిన పని. పదిహేనేళ్లుగా తేల్చలేదు.