స్పార్కు ప్లగ్గునకు చల్లనేమి, వేడియేమి?

మోటారుబండి భాగములలో పేరుచేత ఇంతగా అపార్థమునకు గురియైనవి అరుదు. “హాట్ ప్లగ్గు” అనినంతనే అది ఇంజనును కాల్చివేయునని కొందఱును, బలమైన నిప్పురవ్వ నిచ్చునని మఱికొందఱును తలంతురు. “కోల్డ్ ప్లగ్గు” అనినచో వేసవిలో మనుష్యులకు మజ్జిగ వలె అది బండికి చలువచేయునని నమ్మువారు పలువురు. ఈ తలంపులలో ఒక్కటియు నిజము కాదు. మా తరగతిలో వేడిమి ప్రసారమును చెప్పునపుడు బాలురు వహనము, సంవహనము, వికిరణము అను మూడు మాటలను తడుముకొనక అప్పగింతురు. కాని ఆ మొదటి మాటకు అర్థము పెద్దదోర్నాల కూడలిలోని మెకానిక్కు షెడ్డునందు ప్రతిదినము కంటి కగపడుచున్నదని వారికి తోచదు. అందుచేతనే ఈ యేటి పత్రికకు ఈ విషయమును ఎన్నుకొంటిమి.

ఒక ప్లగ్గును చేతిలోనికి తీసికొని చూడుడు. నడుమ లోహపు కడ్డీ, దానిచుట్టు తెల్లని పింగాణీ, పింగాణీచుట్టు మరలుగల లోహపు గుల్ల. కడ్డీ కొనకును, గుల్లనుండి వంగివచ్చిన కొక్కెమునకును నడుమ సన్నని యెడము గలదు. నిప్పురవ్వ ఆ యెడమును దాటి దుమికి పెట్రోలు ఆవిరిని వెలిగించును. ఇది నేటి కల్పన కాదు. 1860లోనే ఫ్రాన్సునందు లెన్వార్ తన గ్యాసు ఇంజనులో విద్యుత్తు రవ్వను వాడెను. 1902లో జర్మనీయందు బాష్ కర్మశాలలో హోనోల్డ్ అను ఇంజనీరు అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును సిద్ధపఱచిన పిమ్మట వేగముగా తిరుగు ఇంజనులకు దారి యేర్పడెను.

ఇక వేడి సంగతి. సిలిండరులోని మంట 2000 డిగ్రీల సెంటిగ్రేడును మించును. అది ప్లగ్గు లోపలి కొననున్న పింగాణీ ముక్కును ప్రతి పేలుడునందును తాకును. ముక్కునకు ఎక్కిన వేడి పింగాణీగుండ గుల్లకును, గుల్లనుండి మరలకును వాషరునకును, అచటినుండి సిలిండరు హెడ్డునకును, తుదకు రేడియేటరు నీటికిని పోవలెను. ముక్కు పొడవైనచో వేడి బయటపడుటకు దూరము హెచ్చు. పొడవైన వసారా దాటి వీథిలోనికి పోవలసిన జనము ఆలస్యముగా వెడలునట్లు, వేడియు కొనయందు నిలిచిపోవును. అదియే హాట్ ప్లగ్గు. ముక్కు పొట్టిదైనచో వేడి త్వరగా జారిపోవును. అది కోల్డ్ ప్లగ్గు. అనగా ఈ పేర్లు ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదలుకొనునో తెలుపునే గాని, ఇంజను వేడినిగాని, రవ్వ బలమునుగాని తెలుపవు.

ప్లగ్గు కొన ఇంచుమించు 450 డిగ్రీలకు తక్కువగా నున్నచో దానిపై పడిన మసి కాలిపోక పేరుకొనును. మసి విద్యుత్తునకు త్రోవ గనుక రవ్వ యెడమును దాటుట మాని మసి వెంబడి పాఱిపోవును. బండి మిస్సింగు కొట్టును. కొన 850 డిగ్రీల ప్రాంతమును మించినచో అంతకన్న పెద్ద చిక్కు. అపుడు కొనయే నిప్పుకణికయై, రవ్వ రాకమునుపే, పిస్టను ఇంకను పైకి వచ్చుచుండగనే ఆవిరిని వెలిగించును. పైకి వచ్చు పిస్టనును మంట క్రిందికి నెట్టును. వేడి మఱింత పెరుగును, కొన మఱింత ఎఱ్ఱబడును. అల్యూమినియము 660 డిగ్రీలకే కరగునని మా తరగతివారికి తెలియును. పిస్టను దానితోనే చేయబడినది.

ఈ రెండు హద్దుల నడుమ ప్లగ్గును నిలుపుటయే ఎన్నికలోని మర్మము. మైదానపు ఊళ్లలో ఇది కష్టము కాదు. పెద్దదోర్నాల సంగతి వేఱు. ఇచట ఒకే బండి రెండు విధములైన బ్రదుకులు బ్రదుకును. ఉదయమున బజారునుండి బడికి, బడినుండి పొరుగు పల్లెకు, నాలుగైదు కిలోమీటర్లు పోయి ఆగును. ఇంజను సరిగా వేడెక్కకమునుపే తాళము తీయుదురు. అట్టి బండికి ప్లగ్గులు నల్లబడును. ఆ బండియే మఱునాడు ఎనమండుగురిని ఎక్కించుకొని శ్రీశైలమునకు బయలుదేఱును. నల్లమలలో సుమారు ఏబది కిలోమీటర్ల త్రోవ. మలుపులు, ఎక్కుడులు, రెండవ గేరు, నిండుగా తొక్కిన యాక్సిలరేటరు. బండి మెల్లగా పోవుచున్నందున గాలి తగలదు, పైన వేసవి యెండ. ఇంజను మోయు బరువే ప్లగ్గు వేడిని నిర్ణయించును. మీటరులోని వేగము కాదు. కావున గంటకు ముప్పది కిలోమీటర్లతో ఘాట్ ఎక్కు బండి ప్లగ్గులు, మైదానమున అఱువదితో పోవు బండి ప్లగ్గులకన్న ఎక్కువ కాగును.

కొన్ని వేసవుల క్రిందట ఇది మా కండ్లయెదుట జరిగినది. మాతోడి ఉపాధ్యాయుడొకరు మూడు సిలిండర్ల పాత పెట్రోలు వ్యానులో తల్లిగారిని, ఇద్దఱు పిల్లలను, మమ్మును శ్రీశైలము ఆనకట్ట చూపింప గొనిపోయిరి. ఘాట్ రోడ్డునకు చల్లని ప్లగ్గు మంచిదని వారు ఎచటనో వినియుండిరి. ఆ మాట తప్పు కాదు. బండిలోని జపాను ప్లగ్గుల మీద 6 అను అంకె యుండెను. ఆ తయారీలో అంకె పెరిగిన కొలది చల్లన పెరుగును. అంగడిలో ఆ రకము దొరకక, వేఱొక తయారీలో 9 అంకె గల వానిని కొని ముందునాడే వేయించిరి. అంకె పెద్దది గనుక మిక్కిలి చల్లనిదని వారి భావము. ఆ రెండవ తయారీలో లెక్క తలక్రిందులు. అందు అంకె పెరిగిన కొలది వేడి పెరుగును.

మార్కాపురమునుండి దోర్నాలవఱకు బండి సుఖముగనే నడిచెను. అడవిలోనికి పోయి ఎక్కుడు మొదలైన కొంతసేపటికి, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి కదలించినట్లు చప్పుడు బయలుదేఱెను. బలము తగ్గెను. మిత్రుడు మఱింత తొక్కిరి, చప్పుడు మఱింత పెరిగెను. చిన్నారుట్ల సమీపమున బండి నాపి తాళము తీసినను ఇంజను వెంటనే ఆగక రెండు మూడు మారులు దగ్గి ఆగెను. అపుడు మూడు గంటలు దాటినది. ఫోనులకు సంకేతము లేదు. రాత్రివేళ ఆ దారి గేట్లు మూయుదురు. 1983నుండి అది పులుల అభయారణ్యము. తల్లిగారు చక్కెరవ్యాధి గలవారు, మధ్యాహ్నపు భోజనము అప్పటికే ఆలస్యమైనది. పిల్లలు పులిని గూర్చి అడుగసాగిరి. మా అరటిపండ్లను కోతులు మమ్ము అడుగకయే తీసికొనిపోయెను.

దోర్నాల జీపు డ్రైవరొకడు దిగివచ్చుచు మమ్ము జూచి ఆగెను. “మలుపు కాడనే మీ బండి కొట్టుడు ఇన్నాను సారూ. ఇంకా తొక్కుంటే పిస్టనుకు బొక్క పడేది. ప్లగ్గులు ఎప్పుడేసినారు?” అనెను. నిన్ననే యని మిత్రుడు చెప్పిరి. “పాతయి ఉండాయా?” అవి కాగితములో చుట్టి డాష్‌బోర్డు అఱలో నుండెను. అతడు వెంటనే పానా పట్టలేదు. హెడ్డు కాగియుండగా ప్లగ్గును విప్పినచో మరలు ఊడివచ్చునని చెప్పి, గంటసేపు ఆగి, ముందఱి సీటు నెత్తి మూడింటిని మార్చెను. డబ్బు ముట్టలేదు. తల్లిగారికి తన సంచిలోని జొన్నరొట్టె నిచ్చెను. ఆ పాత ప్లగ్గులతోనే మెల్లగా ఎక్కి దీపాలవేళకు గమ్యము చేరితిమి. చప్పుడు మఱల వినబడలేదు.

తిరుగుదారిలో కూడలియందలి సాయిబుగారికి ఆ విప్పిన ప్లగ్గులను చూపితిమి. పింగాణీ సుద్దవలె తెల్లబడి బొబ్బలెత్తినది. కడ్డీ అంచులు చెఱకు గడ నమలినట్లు అరిగినవి. ఆయన ఒకదానిని వెలుగునకు పట్టి చూచి, “ఇంకో నాలుగు మలుపులు ఎక్కుంటే మీకు ఇంజను పని పడేది సారూ” అని మాత్రమనిరి.

ఈ తికమకకు కొన్నవారిని తప్పుపట్టుట న్యాయము కాదని మా అభిప్రాయము. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గులలో పెద్ద అంకె చల్లనిది. బాష్, ఛాంపియన్ ప్లగ్గులలో పెద్ద అంకె వేడిది. అంతేకాక పూర్వము బాష్ వారే 175, 225 వంటి అంకెలు వేయునపుడు పెద్దది చల్లనిదిగా నుండెను. తరువాత చిన్న అంకెలకు మాఱి వరుసను త్రిప్పిరి. ఒక పాఠశాల ఒక యేడు నూటికి తొంబదిని ప్రథమశ్రేణి యనియు, మఱుసటి యేడు పదిని ప్రథమశ్రేణి యనియు ప్రకటించినచో తలిదండ్రులు ఊరకుందురా? కావున తయారీ మార్చినపుడు అంకెను చూచి కొనరాదు. తయారీదారుల సరిపోలిక పట్టికను చూచి కొనవలెను. మరల పొడవును సరిచూడవలెను. అది హెచ్చైనచో పిస్టను వచ్చి తాకవచ్చును.

మఱి దోర్నాలవాసులు ఏది వేయవలెను? బండి పుస్తకములో చెప్పినదే. ఆ సంఖ్యను నిర్ణయించినవారు బజారు ప్రయాణమును, నిండు బరువు ఎక్కుడును రెంటిని ఓర్చుకొనునట్లు చూచియుందురు. ప్రతిదినము ఘాట్ ఎక్కుటయే పనియైన బండికి, పుస్తకము అనుమతించినచో, ఒక మెట్టు చల్లనిది వేయవచ్చును. ఒక మెట్టనగా కొనయందు ఇంచుమించు 70 మొదలు 100 డిగ్రీల భేదము, అది స్వల్పము కాదు. ప్లగ్గు నల్లబడినంతనే వేడి ప్లగ్గునకు పరుగెత్తుట మాకు నచ్చదు. కార్బొరేటరు పెట్రోలు ఎక్కువ పోయుచున్నదేమో, గాలి ఫిల్టరు మన ఎఱ్ఱదుమ్ముతో మూసుకొన్నదేమో, రింగులు అరిగి నూనె పైకి వచ్చుచున్నదేమో ముందుగా చూడవలెను. మసి పొడిగా నున్నచో మొదటి రెండును, జిడ్డుగా నున్నచో మూడవదియు కారణము కావచ్చును. లేత గోధుమరంగుగాని బూడిదరంగుగాని యున్నచో దానిని ముట్టనక్కఱలేదు. పాత పుస్తకములలోని సీసపు మరకల బొమ్మలను చూచి కంగారుపడవలదు. మన దేశమున సీసము కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుండి నిలిచిపోయినది.

బిగింపు సంగతి మెకానిక్కులలోను కొందఱు మఱతురు. వేడి మరలద్వారాను వాషరుద్వారాను పోవలెను గనుక వదులుగా నున్న చల్లని ప్లగ్గు వేడి ప్లగ్గువలె కాగును. వాషరు కొత్తదైనచో చేతితో బిగిసిన పిమ్మట పానాతో అర చుట్టు, మించినచో మూడింట రెండు వంతుల చుట్టు చాలును. బలవంతుడైన విద్యార్థి కండబలము చూపుటకు ఇది చోటు కాదు.

ఆ మూడు తెల్లని ప్లగ్గులను మిత్రుడు పాఠశాలకు ఇచ్చివేసిరి. అవి ప్రయోగశాల అలమరలో, మార్కాపురపు పలక ముక్కపై, సరియైన సంఖ్యగల కొత్తదాని ప్రక్కన ఉన్నవి. ముక్కు పొడవులోని భేదము కంటికే తెలియును. వహనము చదువు తరగతివారు అడిగినచో అలమర తాళము ఇచ్చెదము.