మారిన తెర, మారిన మాత్ర

అక్టోబరు రెండవ వారంలో నా ల్యాప్‌టాప్‌ను విండోస్ 10 నుంచి విండోస్ 11కు మార్చుకున్నాను. ఆరోగ్య విషయాలు చదవడానికి వచ్చిన మీకు ఈ కబురెందుకని అనిపించవచ్చు. కాని ఆ కొత్త తెర ముందు నెల రోజులు నేను పడిన తడబాటు, నలభై ఏళ్ళ వైద్యవృత్తిలో నేను సరిగా నేర్చుకోని ఒక పాఠాన్ని నేర్పింది. అందుకే రాస్తున్నాను.

ముందుగా, మార్చవలసిన అవసరం ఏమిటి? 2021 అక్టోబరులో విండోస్ 11 విడుదలైంది. బాగా నడుస్తున్న యంత్రాన్ని కదపడమెందుకని నాలుగేళ్ళు వాయిదా వేశాను. "రక్తపోటు మాత్రలు వచ్చే నెల నుంచి మొదలుపెడతాను సార్" అనే రోగికీ నాకూ ఇందులో తేడా లేదు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాని అర్థం ఆ రోజుతో పాత కంప్యూటర్లు ఆగిపోతాయని కాదు. కొత్తగా బయటపడే లోపాలకు సవరణలు రావడం ఆగిపోతుంది. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న ఇళ్ళవారికి మాత్రం 2026 అక్టోబరు వరకు భద్రతా సవరణలు అందుతాయి. నమోదు చేసుకోని యంత్రం పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, కాని టీకా లేని బిడ్డ వంటిది.

టీకా అన్న మాట అలంకారం కోసం వాడలేదు. 2017 మే 12న వానాక్రై అనే పురుగు ప్రపంచమంతటా కంప్యూటర్లలోకి చొరబడి, ఫైళ్ళకు తాళం వేసి, డబ్బు అడిగింది. అది ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి, మనిషి ప్రమేయం లేకుండా, తట్టులాగా పాకింది. దానిని అడ్డుకునే సవరణ మార్చి 14నే, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదలైంది. వేసుకున్నవారు బతికిపోయారు, వేసుకోనివారు చిక్కుకున్నారు. ఇంగ్లండులో 80 ప్రభుత్వ ఆసుపత్రి ట్రస్టులు దెబ్బతిన్నాయి. దాదాపు 19 వేల మంది రోగుల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని అక్కడి ఆడిట్ నివేదిక లెక్కగట్టింది. మన పక్కన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకూ ఆ తెగులు సోకింది. ఇవి చదివినవాడినై ఉండి, నేనే నాలుగేళ్ళు టీకా వేయించుకోకుండా తిరిగాను.

సరే, నిర్ణయించుకున్నాను. శస్త్రచికిత్సకు ముందు రక్తం సిద్ధం చేసుకున్నట్టుగా, ఫోటోలు, వ్యాసాలు, కాగితాలు అన్నీ విడిగా ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాను. మధ్యలో కరెంటు పోతే ఏమిటన్న భయంతో బ్యాటరీ నిండా ఛార్జి చేశాను. హైదరాబాదు నుంచి మా మనవరాలు ఫోనులో ఒక్కొక్క మెట్టు చెబుతుంటే నేను నొక్కుతూ పోయాను. రెండు గంటలు పట్టింది. తెర వెలిగింది. అందంగా ఉంది. ఇక పని మొదలుపెడదామని బాణాన్ని ఎడమ మూలకు తీసుకువెళ్ళాను. అక్కడ ఏమీ లేదు.

"స్టార్ట్ బటన్ పోయిందమ్మా" అన్నాను.

"పోలేదు తాతయ్యా, మధ్యలోకి జరిగింది. కింద మధ్యలో చూడు" అంది.

చూశాను, కనిపించింది, నొక్కాను. పది నిమిషాల తరువాత నా చెయ్యి మళ్ళీ ఎడమ మూలకే వెళ్ళింది. మరునాడూ, వారం తరువాత కూడా అంతే. బటన్ మధ్యలో ఉందని నాకు తెలుసు, కాని నా చేతికి తెలియదు. దీనికి వైద్యశాస్త్రంలో వివరణ ఉంది. సంఘటనలను, విషయాలను గుర్తుంచుకునే జ్ఞాపకశక్తి వేరు, చేసి చేసి అలవాటైన పనులను దాచుకునే జ్ఞాపకశక్తి వేరు. సైకిలు తొక్కడం, ముగ్గు వేయడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం రెండవ కోవకు చెందుతాయి. మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా అనే భాగాలకు ఇందులో ముఖ్య పాత్ర ఉంది. ఆ అలవాటు ఆలోచన కన్నా ముందుగా పనిచేస్తుంది, మనకు మేలు చేసేది కూడా ఆ వేగమే. కాని లోకం మారినప్పుడు అదే అలవాటు మనలను తప్పుదారి పట్టిస్తుంది. వయసు పైబడినకొద్దీ పాత అలవాటును తుడిచి కొత్తది వేసుకోవడానికి ఎక్కువసార్లు చేయవలసి వస్తుంది. అంతేకాని నేర్చుకోలేమని కాదు. నా స్నేహితులలో కొందరు ఇలాంటి తడబాటు రాగానే "నాకు మతిమరుపు మొదలైందా డాక్టరు గారూ" అని భయపడుతున్నారు. మీరు ముప్పై ఏళ్ళుగా వాడుతున్న వంటింట్లో ఉప్పు డబ్బా చోటు మారిస్తే వారం రోజులు తడుముకుంటారు. అది జబ్బు కాదు. తెలిసిన ఊళ్ళోనే దారి తప్పడం, డబ్బు లెక్క చేయలేకపోవడం, అడిగిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ అడగడం వంటివి ఉంటే అప్పుడు వైద్యుడిని కలవాలి.

రెండవ అనుభవం కళ్ళది. కొత్త అమరికలను వెతుకుతూ తెరను మామూలు కంటె ఎక్కువ తదేకంగా చూశాను. మూడవ రోజుకు కళ్ళు మంటలు, మెడ నొప్పి. మనం మామూలుగా నిమిషానికి సుమారు పదిహేనుసార్లు రెప్ప వేస్తాము. తెర వైపు తదేకంగా చూస్తున్నప్పుడు అది సగానికి, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువకు పడిపోతుంది. రెప్ప వేస్తేనే కంటిపై కన్నీటి పొర పరుచుకుంటుంది. వయసుతో కన్నీరు ఎలాగూ తగ్గుతుంది కనుక మా వయసువారికి మంట త్వరగా వస్తుంది. మెడ నొప్పికి కారణం నా కళ్ళద్దాలే. దగ్గర చూపు కోసం అద్దం కింది భాగం నుంచి చూడాలి. తెర ఎత్తుగా ఉంటే గడ్డం పైకెత్తవలసి వస్తుంది. ఆ భంగిమలో గంట కూర్చుంటే మెడ ఊరుకోదు.

ఇందుకు నేను చేసుకున్న సర్దుబాట్లు సులభమైనవే. సెట్టింగ్స్‌లో అక్షరాల పరిమాణాన్ని పెంచాను. తెర పై అంచు కంటి మట్టానికి కాస్త దిగువన, చేయి చాచినంత దూరంలో ఉండేటట్లు బల్ల మార్చాను. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూస్తున్నాను. మా కిటికీలోంచి కనిపించే వేపచెట్టు అందుకు సరిపోయింది. నల్లని నేపథ్యం మంచిదా, తెల్లనిది మంచిదా అని చాలామంది అడుగుతారు. కంటిలో శుక్లం ఉన్నవారికి తెల్లని తెర వెలుగు చెదిరి ఇబ్బంది పెడుతుంది కనుక నల్లనిది హాయిగా ఉండవచ్చు. మిగిలినవారిలో చాలామందికి తెల్లని నేపథ్యంపై నల్లని అక్షరాలే స్పష్టంగా ఉంటాయి. ఎవరి కంటికి ఏది సుఖమో అదే పెట్టుకోండి. నీలికాంతిని ఆపే అద్దాలు కంటి అలసటను తగ్గిస్తాయనడానికి మాత్రం గట్టి ఆధారాలు లేవు. వాటిపై డబ్బు ఖర్చు పెట్టనవసరం లేదు.

మూడవది తెలుగు. పాతికేళ్ళ క్రితం మలేరియా గురించి, నీళ్ళ విరేచనాల గురించి నేను రాయించిన కరపత్రాల ఫైళ్ళు తెరిచాను. తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, వింత గుర్తులు వరుసగా కనిపించాయి. గుండె ఝల్లుమంది. తప్పు కొత్త సిస్టందని అనుకున్నాను, కాదు. ఆ రోజుల్లో డీటీపీ వాళ్ళు వాడిన తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకే తెలుగు బొమ్మలు తొడిగేవి. ఆ ఫాంటు లేని యంత్రంలో ముసుగు జారిపోయి లోపలి సంకేతాలే కనిపిస్తాయి. ఇప్పుడు మనం రాస్తున్న యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికి తనదైన సంఖ్య ఉంది, కనుక ఏ యంత్రంలోనైనా తెలుగు తెలుగుగానే ఉంటుంది. మీ దగ్గర పాత ఫైళ్ళుంటే, వాటిని చదవగల యంత్రం ఇంకా ఉండగానే యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోండి. నావి కొన్ని దక్కాయి, కొన్ని దక్కలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒక సాయంత్రం, పదోసారో పన్నెండోసారో ఎడమ మూలకు వెళ్ళిన చేతిని చూసుకుని నవ్వుకుంటూ ఉండగా, చాలా ఏళ్ళ క్రితం నా దగ్గరకు వచ్చిన ఒక స్త్రీ గుర్తుకు వచ్చింది.

ఆమెది పాల్వంచ దాటాక కిన్నెరసాని వైపు అడవిలో ఒక కోయగూడెం. చదువు లేదు. మూర్ఛ వ్యాధికి నా దగ్గర మందు వాడుతూ రెండేళ్ళపాటు ఒక్క ఫిట్ కూడా లేకుండా ఉంది. ఒక రోజు ఆమెను మంచం మీద మోసుకొచ్చారు. ఫిట్ వచ్చి పొయ్యి మీద పడింది. కుడి చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. గాయం కడుగుతూనే కోప్పడ్డాను. "మందు ఎందుకు మానేశావు? ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాను. ఆమె నొప్పితో పళ్ళు బిగించి ఒక్కమాట అంది.

"అవి నా గోలీలు కావు సారూ. నావి తెల్లవి. ఇవి ఎర్రగా ఉన్నాయి. ఎవరివో నాకిచ్చారనుకున్నా."

మందు అదే, మోతాదు అదే. ఆ నెల సరఫరా చేసిన కంపెనీ మారింది, రంగు మారింది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చీటీ మీద పేరు మారలేదు కనుక చెప్పవలసింది ఏదో ఉందని నాకు తోచనే లేదు. చదవడం రాని మనిషికి మాత్ర పేరు దాని రంగే. ఆమె నిర్లక్ష్యం చేయలేదు. ఇతరుల మందు వేసుకోకూడదని నేను చెప్పినదే పాటించింది. అది నాకు ఆనాడు సగమే అర్థమైంది. ఆమె తెలియనితనం అని సరిపెట్టుకున్నాను. ఎంబీబీఎస్ చదివిన నేను, బటన్ ఎక్కడుందో తెలిసి కూడా, నెల రోజులు తప్పు మూలనే తడుముకున్నాక మిగతా సగం అర్థమైంది.

ఇది కొత్తగూడెం అడవుల సమస్య మాత్రమే కాదు. 2013లో అమెరికాలో మూర్ఛ మందులు వాడేవారిపై జరిగిన ఒక అధ్యయనంలో, మాత్ర రంగు మారినవారు మందు మధ్యలో ఆపడం ఎక్కువగా కనిపించింది. అదే పరిశోధకులు 2014లో గుండెపోటు నుంచి కోలుకున్న 11 వేల మందికి పైగా రోగులను పరిశీలించారు. రంగు మారినప్పుడు మందు మానేసే అవకాశం 34 శాతం, ఆకారం మారినప్పుడు 66 శాతం ఎక్కువైంది. వారు చదువుకున్న దేశంలో, పేరు ముద్రించిన సీసాలలో మందులు కొనుక్కునేవారు.

మన దగ్గర ఒకే మందును ఎన్నో కంపెనీలు ఎన్నో రంగుల్లో తయారు చేస్తాయి. జనరిక్ మందులు మంచివే. ధర తక్కువ, గుణం అదే. నేనూ అవే వాడుతున్నాను. లోపం రంగు మారడంలో లేదు, మారిందని చెప్పకపోవడంలో ఉంది. చెప్పకపోతే కొందరు మానేస్తారు. మరికొందరు పాతదీ కొత్తదీ వేర్వేరు మందులనుకుని రెండూ వేసుకుంటారు. చక్కెర మాత్రల విషయంలో, రక్తపోటు మాత్రల విషయంలో ఈ రెండవ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది.

కనుక మీకు నా విన్నపాలు ఇవి. మందుల షాపులో మాత్ర రూపం మారి కనిపిస్తే, "ఇది పాతదేనా, మోతాదు అదేనా" అని అడిగి తెలుసుకున్నాకే ఇంటికి తీసుకువెళ్ళండి. పాత ఖాళీ స్ట్రిప్పును దగ్గర ఉంచుకుని, దానిపై మందు పేరు, మిల్లీగ్రాములు కొత్తదానితో పోల్చండి. ఇంట్లో చదవడం రాని పెద్దవారు ఉంటే, ఆ పని పిల్లలు చేయాలి. అనుమానం ఉంటే మూర్ఛ, గుండె, రక్తపోటు మందులను మీకై మీరు ఆపవద్దు, ఆ రోజే అడగండి. వైద్య మిత్రులకు, ఫార్మసిస్టులకు ఒక మాట. "రంగు మారింది, మందు అదే" అని చెప్పడానికి అయిదు సెకన్లు చాలు.

కంప్యూటరు గురించి కూడా ఒక జాగ్రత్త. "మీ విండోస్ గడువు తీరింది, మేము బాగు చేస్తాము" అంటూ ఫోను చేసేవారు మోసగాళ్ళు. వారు చెప్పిన యాప్ ఏదీ వేసుకోవద్దు, ఓటీపీ చెప్పవద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

నెల తిరిగాక మా మనవరాలు సెలవులకు వచ్చింది. నా అవస్థ చూసి, "తాతయ్యా, సెట్టింగ్స్‌లో టాస్క్‌బార్ కి వెళ్తే ఆ బటన్‌ను మళ్ళీ ఎడమవైపు పెట్టుకోవచ్చు" అంది.

"మరి మొదటిరోజే చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వు అడగలేదుగా" అంది.

నేను కోప్పడలేదు. ఆ మాటకు కోప్పడే అర్హత నాకు లేదు.