బూడిదతో నీటి జల్లెడ

విజయవాడ నుంచి హైదరాబాదు రోడ్డున పదహారు కిలోమీటర్లు పోతే ఇబ్రహీంపట్నం. ఒక పక్క కొండపల్లి కొండలు, ఒక పక్క కృష్ణ. 2015లో పట్టిసీమ నుంచి తెచ్చిన గోదావరి నీరు కృష్ణలో కలిసిన చోటు ఇదే. వచ్చినవాళ్ళు ఆ సంగమం చూసి, పిల్లలకు తెల్లపొణికి కర్ర బొమ్మలు కొనిపెట్టి వెళ్ళిపోతారు. థర్మల్ స్టేషను పొగగొట్టాలను బస్సు కిటికీలోంచి చూడడమే గాని, వాటి కోసం దిగేవారు అరుదు. నేను దిగింది బూడిద కోసం. నవ్వకండి!

ఇక్కడ 1979 నుంచి బొగ్గు మండుతోంది. మన దేశపు బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడాను. పొగలోంచి పట్టిన ఆ బూడిద మైదాపిండిలా మెత్తన. సిమెంటుకూ ఇటుకలకూ చాలా పోతుంది. మిగిలింది నీళ్ళతో కలిపి చెరువులకు వదులుతారు. ఏ థర్మల్ స్టేషను దగ్గరైనా సరే, ఎండిన బూడిద చెరువు మీద వేసవి గాలి లేచిందంటే పక్క ఊరి ఇల్లాళ్ళకు బట్టలారేసే ధైర్యం ఉండదు.

ఒకప్పుడు నా దగ్గర తెలుగు చదువుకున్న అమ్మాయి ఇప్పుడు రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఆ సాయంత్రం వాళ్ళ ప్రయోగశాలలో ఇలాంటి బూడిదతోనే చేసిన బిళ్ళ ఒకటి నా చేతిలో పెట్టింది. గోటితో కొడితే కుండపెంకులా మోగింది.

"ఏ ఆవంలో కాల్చావమ్మా?" అన్నాను.

"కాల్చలేదు మాస్టారూ. ఇడ్లీ ఆవిరి పాటి వేడి కూడా తగలలేదు."

పింగాణీ జల్లెడలకు వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమి కావాలి. దీనికి అరవై నుంచి ఎనభై డిగ్రీలు చాలునట. బూడిదను కాస్టిక్ సోడా, సోడియం సిలికేటు ద్రావణంలో కలిపితే అందులోని సిలికా, అల్యూమినా కరిగి, మళ్ళీ ఒకదానితో ఒకటి అల్లుకుని రాయి అవుతాయి. ఫ్రాన్సు దేశపు దావిదొవిట్స్ 1970లలో ఇటువంటి వాటికి జియోపాలిమర్ అని పేరు పెట్టాడు. నీరు ఆరిన చోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. పని చేసేవి అవే.

కాలవ నీళ్ళు పోసింది. బురద పైన నిలిచింది; కిందికి చుక్క చుక్కగా తేటనీరు దిగింది. నల్లగొండ జిల్లా ఫ్లోరైడు కూడా ఇలాగే ఆగుతుందా అన్నాను. ఆగదట. నీటిలో కరిగినదానికి ఈ రంధ్రాలు సింహద్వారాలు!

గ్లాసు అందుకోబోతే చప్పున పక్కకు జరిపింది.

"వద్దు మాస్టారూ! ఇందులో ఇంకా క్షారం ఊరుతోంది. బూడిదలో ఆర్సెనిక్, క్రోమియం వంటివీ ఉంటాయి. అవి నీటిలోకి దిగడం లేదని తేలేదాకా మేమూ తాగం."

బిళ్ళ కడిగి, కొత్త నీళ్ళలో నానవేసి, సీసా మీద ఆనాటి తేదీ రాసుకుంది.