మూత కింద ఆమ్లం

మార్కాపురం వెళ్లినవాళ్లు పలకరాయిని పొరలుగా చీల్చే పని చూస్తారు. నేను సిమెంటు వరలు పోసే చోటు చూశాను. మరుగుదొడ్డి గుంతల్లోకి దించే వరలు, వాటిపై కప్పే బిళ్లలు తయారయ్యేది అక్కడే. పాత గుంత మీంచి తీసిన బిళ్ల ఒకటి తిరగేసి ఉంది. పైభాగం గట్టిగానే ఉంది. అడుగు మాత్రం తడి సున్నంలా తెల్లబడి, గోటితో గీకితే ఊడివస్తోంది. తుప్పుపట్టిన ఊచలు బయటపడ్డాయి. సిమెంటు తగ్గించాడని మేస్త్రీని తిట్టడం మామూలే. అదే కారణమైతే రెండు వైపులా ఒకేలా పాడవ్వాలి గదా? పోయింది నీళ్లు తగలని అడుగుభాగం.

మురుగు అడుగున గాలాడని జిగురు పొరలో కొన్ని బాక్టీరియా సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. కుళ్లిన గుడ్ల కంపు దానిదే. అది పైకి లేచి చెమ్మగిల్లిన కప్పుకు చేరితే, అక్కడి మరో రకం బాక్టీరియా దాన్ని గంధకామ్లం చేస్తాయి. ఈ రెండో రకాన్ని మెల్‌బోర్న్ మురుగు కాలువల కాంక్రీటు నుంచి వేరుచేసి 1945లో ప్రకటించినవాడు సి.డి. పార్కర్. కాంక్రీటు మీద పీహెచ్ 1 దాకా పడిపోతుంది, సిమెంటులోని సున్నం జిప్సం అవుతుంది. బిళ్ల అడుగున గీకితే రాలింది అదే. తెరిచిన కాలువలో ఈ వాయువు గాలిలో కలిసిపోతుంది, కప్పేశామా, చిక్కుకుంటుంది. అలాగని కాలువలు తెరిచే ఉంచమనడం దోమల్నీ జబ్బుల్నీ పిలవడమే. పైగా నీటికి కటకటలాడే ఈ ప్రాంతంలో మురుగు చిక్కగా, నెమ్మదిగా కదులుతుంది. ఎండలకు బాక్టీరియా మరింత చురుకవుతాయి. భూగర్భ మురుగు కాలువలు వేస్తే ఈ సంగతి నక్షాలోనే ఉండాలి.

సల్ఫేటును తట్టుకునే సిమెంటు వాడితే సరిపోదా అంటారు. అది సల్ఫేటుకు మందు, ఆమ్లానికి కాదు. ఊళ్లోనే దొరికే పలకరాయి పరిస్తే? రాయి అంత తేలిగ్గా లొంగదు గానీ, అతుకుల్లో ఉండేది మళ్లీ సిమెంటే. విచిత్రంగా, ఆమ్లానికి కరిగే సున్నపురాయి కంకరే ఇక్కడ మేలు. కరుగుతూ ఆమ్లాన్ని ఖర్చు చేస్తుంది కాబట్టి కాంక్రీటు ఎక్కువకాలం నిలుస్తుంది. గ్రానైటు కంకరైతే తాను కరగదు, చుట్టూ సిమెంటు పోయాక రాలిపోతుంది. చిన్న గొట్టాలకు పీవీసీ చాలు. మ్యాన్‌హోళ్లకు, శుద్ధి కేంద్రాల తొట్లకు మాత్రం సున్నపురాయి కంకర, లోపల ఆమ్లం తట్టుకునే పూత రెండూ కావాలి.

ఇళ్లవాళ్లు చేయాల్సింది కొంచెమే: గాలి గొట్టం మూయకండి, గుంత తోడించినప్పుడల్లా మూత తిరగేసి గీకి చూడండి. మనిషిని మాత్రం లోపలికి దించకండి. కాంక్రీటును తినే ఆ వాయువు మనిషి ప్రాణాన్ని నిమిషాల్లో తీస్తుంది; రక్షణ పరికరాలు లేకుండా అలా దించడం, చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా.