వెనక పోర్షను ఖరీదెంత?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఉన్న ఇంటి వెనకాల ఇంకో చిన్న ఇల్లు తగిలించి చూడమని మాత్రం ఎందుకనో అనలేదు. ఆ ముచ్చట మాకు వదిలిపెట్టారు కాబోలు!

గుంటూరులో మేముంటున్న ఇల్లు మా మామగారు కట్టించింది. 1987లో గృహప్రవేశం చేశారు. అయిదు సెంట్ల స్థలం, అంటే 242 గజాలు. ముందు డాబా ఇల్లు, వెనక పెరడు. పెరట్లో ఒక కొబ్బరిచెట్టు, సన్నజాజి పందిరి, బట్టలుతుక్కునే చప్టా. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ సగం సంసారం ఆ పెరట్లోనే నడిచేది. ఆవకాయ కలపడం, వడియాలు పెట్టడం, ఆఖరికి అలిగి కూర్చోవడం కూడా అక్కడే.

2014లో రాష్ట్రం విడిపోయింది. కొత్త రాజధాని మా పక్కనే వస్తుందన్నారు. అంతే! ఏ వీధిలో చూసినా ఇసుక కుప్పలూ, సిమెంటు బస్తాలూ. "మీరింకా ఏమీ కట్టడం లేదా?" అని జాలిగా అడిగేవాళ్ళు ఇరుగుపొరుగు, ఇంట్లో పెళ్ళికాని పిల్ల ఉన్నట్టు.

మావారు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. ఒక ఆదివారం కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నారు.

"స్థలం ఎలాగూ మనదే. 500 చదరపు అడుగుల పోర్షనుకు 9 లక్షలవుతుంది. నెలకు 6,500 అద్దె వచ్చినా ఏడాదికి 78,000. అంటే నూటికి ఎనిమిదిన్నర పైన. బ్యాంకు వడ్డీకి తీసిపోదు. అద్దె ఏటేటా పెరుగుతుంది, దాంతోపాటు ఇంటి విలువా పెరుగుతుంది."

నేను బి.ఏ. చదివినదాన్ని. నా నవలల్లో నాయికలు ఎంత పెద్ద బంగళా అయినా ఒక్క వాక్యంలో వదిలేసి వెళ్ళిపోతారు. కాబట్టి ఆస్తి లెక్కల్లో నా మాట ఎవరూ అడగరు. కొబ్బరిచెట్టు కొట్టించిన రోజు మాత్రం నేను వంట చెయ్యలేదు. అదొక్కటే నా నిరసన.

ప్లాను సంగతి అడిగితే మేస్త్రీ నవ్వేశాడు. "పెరట్లో రెండు గదులకు ప్లాను ఎందుకమ్మా? ఈ వీధిలో ఎవరు తీసుకున్నారు?" నిజమే, ఎవరూ తీసుకోలేదు. చుట్టూ వదలాల్సిన జాగా వదలకుండా, వెనక గోడకు ఒకటిన్నర అడుగు మాత్రం విడిచి, 2015 దసరాకల్లా పోర్షను లేపేశాడు. ఒక హాలు, ఒక పడగ్గది, వంటిల్లు, బాత్‌రూము, పక్క సందులోంచి వేరే దారి. 2019లో ప్రభుత్వం అపరాధ రుసుము కట్టించుకుని ఇలాంటివాటిని క్రమబద్ధం చేసే పథకం పెట్టింది. "చూద్దాంలే" అన్నారు మావారు. ఆ చూడటం ఇప్పటికీ అవలేదు.

2016లో సచివాలయం ఉద్యోగులు హైదరాబాదు నుంచి తరలివచ్చారు. అలా వచ్చినవాళ్ళలో ఒకాయన కుటుంబంతో మా పోర్షనులో దిగాడు. నెలకు 8,000! మావారి మొహం చూడాలి ఆ నెల! తరవాత 2019 డిసెంబరులో రాజధానులు మూడు అన్నారు. ఊళ్ళో స్థలాల ధరలు చల్లబడ్డాయి. గేటు గేటుకూ టులెట్ బోర్డులు వేలాడాయి. మేము ఒక్క ఇటుక కదపకుండానే మా ఇంటి విలువ పెరిగింది, తరిగింది, మళ్ళీ 2024 ఎన్నికల తరవాత లేచి కూర్చుంది. ఇంటి విలువ ఇటుకల్లో ఉందనుకోవడం మన అమాయకత్వం అనిపించింది.

ఇంత గాలివానలోనూ మా పోర్షను ఖాళీగా లేదు. ఎందుకంటే అప్పటికే అందులో అద్దెకున్నావిడ మా అమ్మ.

2018లో నాన్నగారు పోయారు. తమ్ముడు బెంగుళూరు రమ్మన్నాడు. భాష రాని ఊళ్ళో పన్నెండో అంతస్తులో ఉండలేనంది అమ్మ. మా దగ్గరకు రమ్మంటే, "అల్లుడింట్లో ఉండటమా? నలుగురూ ఏమంటారు?" అంది. అప్పటికి ఆ ఉద్యోగి వేరే ఇంటికి మారాడు, పోర్షను ఖాళీ అయింది. "అత్తయ్యగారూ, ఆ వెనక భాగంలో ఉండండి. మీ గుమ్మం మీది, మా గుమ్మం మాది" అన్నారు మావారు.

అమ్మ చాలాసేపు ఆలోచించింది. "అద్దె పుచ్చుకుంటానంటే వస్తాను బాబూ" అంది.

నాన్నగారు బడిపంతులు. అమ్మకు ఫ్యామిలీ పెన్షను వస్తుంది. అద్దె ఎంతని అడిగితే 5,000 అని అబద్ధం చెప్పాను. పది రోజులు తిరక్కుండా పాలవాడి దగ్గర కూపీ లాగి, "వాళ్ళ దగ్గర 8,000 తీసుకుని నాకు 5,000 చెబుతావా? నేనేమన్నా దిక్కులేనిదాన్నా?" అని దెబ్బలాడింది. ఒప్పందం కాగితం కూడా కావాలంది. అందరూ పదకొండు నెలలకే రాసుకుంటారని మావారు వివరించి, నిజంగానే రాశారు. పదకొండు నెలలు నిండేసరికి అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మా గుమ్మంలో నిలబడేది. "గడువయింది. ఉండమంటారా, వెళ్ళమంటారా?" మావారు తలవంచుకుని సంతకం పెట్టేవారు. నెల నెలా ఒకటో తారీకున అద్దె పుచ్చుకునేటప్పుడు ఆయన పడే ఇబ్బంది, నలభై మంది పిల్లలు ఒకేసారి ఫెయిలైనప్పుడు కూడా పడలేదు.

అద్దెదారుగా అమ్మ చాలా కచ్చితం సుమండీ. మోటారు ఆరింటికల్లా వెయ్యకపోతే ఫిర్యాదు. సందులో లైటు వెలగకపోతే ఫిర్యాదు. కూతురిగా నేను వండిన కూరకు వంక పెట్టదు గాని, ఇంటి ఓనరుగా నన్ను క్షమించిన రోజు లేదు.

ఈ ఏడు మా అబ్బాయి ఇంజనీరింగు అయింది. పై చదువుకు అమెరికా వెళతానన్నాడు. ఇల్లు హామీ పెట్టి అప్పు తీసుకుందామనుకున్నాం. బ్యాంకువాళ్ళు విలువ కట్టే ఇంజనీరును పంపారు. ఆయన టేపు పట్టుకుని అంతా కొలిచాడు. స్థలానికి ఒక విలువ వేశాడు. ముందు ఇంటికి ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసు తరుగు తీసేశాడు. నేల పెరుగుతుంది, కట్టడం తరుగుతుంది, అదీ వాళ్ళ శాస్త్రం. వెనక పోర్షను దగ్గరికొచ్చి, "ప్లాను చూపిస్తారా?" అన్నాడు. మావారు ఇంటిపన్ను రసీదులు చూపించారు.

"పన్ను కట్టించుకోవడం వేరు, అనుమతి ఇవ్వడం వేరు సార్" అని, పోర్షనుకు ఎదురుగా సున్నా చుట్టాడు.

"2021 నుంచి మన రాష్ట్రంలో ఇంటిపన్ను అద్దెను బట్టి కాదు, ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు. పన్ను వేసేటప్పుడు ఉన్న విలువ అప్పిచ్చేటప్పుడు ఏమయింది?" అని ఆ రాత్రంతా మావారు నన్ను అడిగారు.

పోనీ అమ్మితే ఎంతొస్తుందని బ్రోకర్ని పిలిచాం. "అద్దె మీద బతకాలనుకునేవాళ్ళకు పోర్షను ఉంటే ముచ్చటేనండీ. సొంతానికి కొనేవాళ్ళు పెరడేది, గాలేది అంటారు" అన్నాడు. అంటే ఒకరికి కలిపేది ఇంకొకరికి తీసేస్తుందన్నమాట. మూడోవాడు బిల్డరు. పోర్షను వైపు తలైనా తిప్పలేదు. "నాకు కావలసింది నేల. కూల్చే ఖర్చు నేనే పెట్టుకుంటా. అంతస్తుకొకటి చొప్పున నాలుగు ఫ్లాట్లు. మీకు రెండు, నాకు రెండు."

ఒకటి అమ్మి అబ్బాయి చదువు, ఒకటి మేముండటానికి. చక్కగా సరిపోయింది. "మరి అమ్మ?" అన్నాను. "మనతోనే ఉంటారు. ఒక గది ఇద్దాం" అన్నారు మావారు. నేనూ తల ఊపాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గాని, నిజంగానే ఊపాను.

మర్నాడు పొద్దున వెనక్కి వెళితే అమ్మ ఇత్తడి సామాను అట్టపెట్టెలో సర్దుతోంది. గోడలకు చెవులుంటాయంటారు, పల్చటి గోడకు మరీను. నన్ను చూసి, "ఖాళీ చేసేముందు నెల రోజుల నోటీసు ఇవ్వాలని కాగితంలో ఉందిగా. అల్లుడుగారికి మొహమాటం. అందుకని నేనే ఇస్తున్నా. తమ్ముడి దగ్గరికి వెళతాను" అంది.

"అదేమిటమ్మా, మాతో ఉండవూ? నీకో గది..."

"గది వేరు, గుమ్మం వేరే పిచ్చిదానా" అంది, పెట్టెకు తాడు బిగిస్తూ. కోపంగా కూడా లేదు.

ఆ మాట తీసుకొచ్చి మావారికి చెప్పాను. ఆయనేమీ మాట్లాడకుండా కాగితం, పెన్సిలు తీశారు. చాలాసేపు రాసి నా ముందు పెట్టారు. "2015లో నేను స్థలం ఖరీదు వేసుకోలేదు. పోర్షను కింద 55 గజాలుంది. గజం 40,000 వేసుకున్నా 22 లక్షలు. కట్టిన 9 లక్షలు కలిపితే 31. దాని మీద 78,000 అంటే నూటికి రెండున్నర. ఒట్టి నష్టం."

"అయితే కొట్టేద్దామా?" అన్నాను, గొంతు పెగల్చుకుని.

"లెక్క తప్పు. జవాబు మాత్రం రైటయింది" అన్నారాయన. "పరీక్షలో అయితే మార్కులు వెయ్యను."

బిల్డరుకు వద్దని చెప్పాం. ముందు ఇంటి మీద, స్థలం మీద వచ్చిన అప్పు అబ్బాయి అడిగినదానికి సగమే అయింది. వాడు రెండు రోజులు ముభావంగా ఉండి, రెండేళ్ళు ఉద్యోగం చేసి కొంత కూడబెట్టుకుని వెళతానన్నాడు. వాడి ముభావం నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. ఒకరికి గుమ్మం నిలబెట్టాలంటే ఇంకొకరి ప్రయాణం రెండేళ్ళు ఆపాల్సొచ్చింది. దీన్ని ఏ ఖాతాలో రాసుకోవాలో లెక్కల మాస్టారికీ తెలియలేదు.

మీలో ఎవరైనా పోర్షను కట్టబోతుంటే ఒక్క మాట. మేస్త్రీ నవ్వినా సరే, ముందు ప్లాను తీసుకోండి. చుట్టూ జాగా వదలండి. స్థలం ఖరీదు కూడా లెక్కలో వేసుకోండి. అప్పుడు ఎవరి కోసం కడుతున్నారో మనసులో అనుకోండి.

నిన్న ఒకటో తారీకు. అమ్మ వచ్చి కొత్త కాగితం, డబ్బూ మావారి చేతిలో పెట్టింది. ఆయన లెక్కపెట్టి, "500 ఎక్కువిచ్చారు అత్తయ్యగారూ" అన్నారు.

"పదకొండు నెలలయిందిగా. వీధిలో అందరూ పెంచారు, మీరు అడగలేకపోతున్నారని నేనే పెంచాను" అని వెళుతూ వెళుతూ నా వైపు తిరిగింది. "ఏమమ్మా ఓనరుగారూ, వంటింట్లో పంపు వారం రోజులుగా కారుతోంది. అద్దె పుచ్చుకోవడమేనా, బాగు చేయించేదేమైనా ఉందా?"