పాల పన్నే కదా అనకండి



నేను రెండో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను. మా క్లాసులో సగం మందికి ముందు పళ్లు ఉండవు. ‘త్రీ’ అనమంటే గాలి వస్తుంది, మాట రాదు. దానికి మీరు బెంగ పడక్కర్లేదు. కొత్త పళ్లు వచ్చాక పలకడం అదే సర్దుకుంటుంది. మా నెమలిలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఊడిన పన్నును పేడలో పెట్టి ఇంటి మీదకు విసరమంటారు. పిల్లలకు అదో పండగ.

నా దిగులంతా వెనక పళ్ల గురించే.

పోయిన టర్మ్‌లో ఒక బాబు రోజూ చెంప పట్టుకుని కూర్చునేవాడు. డబ్బాలో అన్నం సగం అలాగే ఉండేది. వాళ్ల నాన్నగారిని పిలిస్తే, "పాల పన్నే కదండీ మేడమ్, ఎలాగూ ఊడేదే. పీకించేస్తాం" అన్నారు. తిరువూరులో డాక్టరుగారు చూసి, అది పాల పన్ను కాదు, ఇక ఊడని పన్ను అని చెప్పి, పుచ్చు తీసి సిమెంటు పెట్టారు. ఇప్పుడు ఆ బాబు డబ్బా ఖాళీగా ఇంటికి వెళ్తోంది.

మీరూ ఒకసారి లెక్కపెట్టి చూడండి. పాల పళ్లు మొత్తం 20. పైన అయినా, కింద అయినా, ముందు పళ్ల మధ్య నుంచి ఒక్కో పక్కకు 5 ఉంటాయి. ఆ వెనక వచ్చే ఆరోది శాశ్వత దంతం. అది సుమారు ఆరేళ్లకు, ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది. అందుకే చాలామంది దాన్ని పాల పన్ను అనుకుంటారు. అది పోతే మళ్లీ రాదు.

పాల దవడ పళ్లు కూడా పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. కింద నుంచి వచ్చే పన్నుకు అవే చోటు కాపాడతాయి. ముందే పీకిస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరిగి, కొత్త పన్ను వంకరగా వస్తుంది. సిమెంటు పెట్టడం, పాల పన్నుకూ రూట్ కెనాల్ చేయడం ఉన్నాయి. కుదరక పీకాల్సి వస్తే, ఆ చోటు పోకుండా చిన్న క్లిప్పు అవసరమా అని డాక్టరుగారిని అడగండి. ఖర్చుకు వెనకాడేవారికి విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది.

పన్ను తీయించిన రోజు మత్తు పోయేదాకా ఏమీ తినిపించకండి. తెలియక పెదవి, చెంప కొరుక్కుంటారు. గట్టిగా పుక్కిలించనివ్వద్దు, స్ట్రాతో తాగనివ్వద్దు. మర్నాడు డైరీలో ఒక్క ముక్క రాసి పంపండి, ఆ రోజు గట్టిగా చదవమని అడగం.

ఇంకొక్క మాట. అల్లరి చేస్తే "డాక్టరు దగ్గర సూది వేయిస్తా" అని బెదిరించకండి. ఆ భయంతోనే పిల్లలు నొప్పిని దాచుకుంటారు.

ఈ ఆదివారం మీ బాబునో పాపనో వెలుతురులో నిలబెట్టి, నోరు తెరిపించి, ఆరో పన్ను ఎలా ఉందో చూడండి. నల్ల మచ్చ కనిపిస్తే నొప్పి వచ్చేదాకా ఆగకండి.